చదవకుండా పదిహేనుకి పద్నాలుగు

ఆ నేరం పట్టపగలే జరిగింది. గురువారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక, గిన్నెలు ఇంకా కడగకముందు.

చేసినావిడ పేరు షెన్ లాన్‌ఫెన్. వయసు నలభై మూడు. పద్దెనిమిదేళ్ల పాటు మేజోళ్ల ఫ్యాక్టరీలో వేళ్ల దగ్గర కుట్లు వేసిన మనిషి. కూతురికి బడిలో ఆఖరి ఏడు మొదలవగానే ఆ పని మానేసి, మొగుణ్ని లారీకీ లారీని రోడ్డుకీ అప్పగించి, బడి వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకుంది. జూన్‌లో జరిగే పెద్ద పరీక్ష దాకా వేళకి ఇంత వండి పెట్టడం, చప్పుడు కాకుండా నడవడం, ఇవే ఆమె ఉద్యోగం. సందులో ఉన్న ఆడవాళ్లందరిదీ అదే ఉద్యోగం. అక్కడ ఎవరికీ సొంత పేరుండదు. పిల్లల పేరు చివర అమ్మ అని తగిలిస్తే అదే పేరు. లాన్‌ఫెన్‌ని అందరూ మన్మన్ అమ్మ అంటారు. ఎదురు గది ఆవిడ లేలే అమ్మ. ఇద్దరి పిల్లలదీ ఒకే తరగతి.

ఆ మధ్యాహ్నం మన్మన్‌కి జలుబు. మందు బిళ్ల మింగి, అన్నం తిని, ఇంగ్లీషు షీటు ముందేసుకుని కూర్చుంది. నాలుగు పాఠాలు, పదిహేను ప్రశ్నలు. రెండు గంటలకి టీచరుకి ఇచ్చేయాలి. మొదటి పాఠం చదివి మూడు ప్రశ్నలు చేసిందో లేదో మందు పని చేయడం మొదలుపెట్టింది. పిల్ల రెండో పాఠం మీద బుగ్గ ఆనించి పడుకుండిపోయింది.

లాన్‌ఫెన్ రెండుసార్లు చెయ్యి చాపింది లేపడానికి. రెండుసార్లూ వెనక్కి తీసుకుంది. అంత హాయిగా నోరు తెరుచుకుని నిద్రపోతున్న పిల్లని ఇంగ్లీషు కోసం ఎవరు లేపుతారు? పోనీ లేపకపోతే, ఖాళీ షీటుకి సోంగ్ టీచర్ ఊరుకుంటాడా? గడియారం ఒంటిగంటా పావు చూపించింది. పెన్సిలేమో పిల్ల చేతిలోంచి జారి, ఎవరో పిలిచినట్టు, సరిగ్గా లాన్‌ఫెన్ ముందుకి దొర్లుకొచ్చింది.

ఇంగ్లీషులో లాన్‌ఫెన్‌కి వచ్చినవి ఫ్యాక్టరీ అట్టపెట్టెల మీది ముక్కలే. సైజు, కాటన్, మేడ్ ఇన్ చైనా. అయినా సందులో కాపురమున్న ఏ తల్లికైనా తెలిసిన సూత్రం ఒకటుంది. ఇచ్చిన నాలుగు జవాబుల్లో మూడు పొడుగ్గా ఉండి ఒకటి పొట్టిగా ఉంటే పొట్టిది పెట్టు. మూడు పొట్టివై ఒకటి పొడుగైతే పొడుగుది పెట్టు. రెండు పొడుగు, రెండు పొట్టి అయితే బి. ఏ వరసా లేకుండా చిందరవందరగా ఉంటే సి. చిన్నపిల్లలు తాడాట ఆడుతూ కూడా ఇదే పాడతారు.

రెండో పాఠం పిల్ల బుగ్గ కింద ఉంది. జవాబులు మాత్రం చెవి పక్కనుంచి కనబడుతున్నాయి. లాన్‌ఫెన్ మెడ వంచి చూసింది. మూడు పొట్టివి, ఒకటి పొడుగు. పొడుగుది పెట్టింది. తర్వాతది చిందరవందర. సి పెట్టింది. షీటు తిప్పి మిగతా రెండు పాఠాలూ చేసేటప్పటికి చేయి తిరిగింది. మూడో పాఠంలో ఒకచోట కాటన్ అన్న మాట కనబడితే దూరపు చుట్టం ఎదురైనట్టు సంతోషపడింది కానీ, ఆగి పలకరించడానికి టైము లేదు. ఒంటిగంటా ఇరవై ఆరుకి పన్నెండు ప్రశ్నలూ పూర్తి. అప్పుడు గిన్నెలు కడిగింది.

మర్నాడు పొద్దున పదింటికి తల్లిదండ్రుల గ్రూపులో సోంగ్ టీచర్ మెసేజ్ పెట్టాడు. ‘ఈ వారం చదువు షీటు. పదిహేనుకి పద్నాలుగు. లూ మన్. తరగతిలో ప్రథమం.’ లూ మన్ అంటే బడి రిజిస్టర్‌లో మన్మన్ పేరు.

మిగతా అరవై ఒక్కమంది పిల్లల తల్లులు, అరవై ఒక్క ఫోన్లలో, ‘చాలా శ్రమ తీసుకున్నారు టీచర్’ అని రాసి పువ్వులు పెట్టారు. ఫోను వరసగా గుర్రుగుర్రుమంటూ బల్ల చివరిదాకా పాకి కింద పడింది. లాన్‌ఫెన్ దాన్ని ఎత్తుకుని, తను కూడా శ్రమ తీసుకున్నారు టీచర్ అని రాసి, ఆ మాట ఎవరికి చెల్లుతుందా అని కాసేపు ఆలోచించింది.

పది నిమిషాల్లో లేలే అమ్మ పొద్దుతిరుగుడు గింజల పళ్లెంతో దిగింది.

“ఏం మన్మన్ అమ్మా, చడీచప్పుడూ లేకుండా కొట్టావే. మావాడికి పదమూడొస్తేనే నేను మా అత్తగారి ఊరిదాకా ఫోన్లు చేశాను.”

“ఏదోలే అక్కా, ఆ రోజు అలా కుదిరింది.”

“కుదరడమేంటమ్మా. పోయిన వారం ఏడు, ఈ వారం పద్నాలుగు. ఇది కుదరడమంటే నా వంటా కుదిరినట్టే. నిజం చెప్పు, ట్యూషనెవరు?”

“ట్యూషన్ లేదు, ఏం లేదు.”

“మరేం పెట్టావు తినడానికి?”

“పక్కటెముకల మాంసం. బియ్యప్పిండి పట్టించి ఆవిరి మీద ఉడికించాను.”

లేలే అమ్మ గింజ కొరకడం ఆపేసింది. “ఎంతసేపు ఉడికించావు?”

ఆ కబుర్ల మధ్యలోనే టీచర్ రెండో మెసేజ్ వచ్చింది. ‘లూ మన్‌కి ఇక మధ్యాహ్నం బల్ల అవసరం లేదు. సోమవారం నుంచి ఆ స్థానంలో తాన్ పెయ్ కూర్చుంటాడు.’

లాన్‌ఫెన్ ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసింది.

మధ్యాహ్నం బల్ల అంటే సోంగ్ టీచర్ గదిలో ఉన్న బల్ల. చదువు షీటులో అందరికన్నా వెనకబడ్డ పదిమందిని గురువారం తప్ప రోజూ పన్నెండున్నర నుంచి ఒంటిగంటా ఇరవై దాకా దాని చుట్టూ కూర్చోబెట్టి, ఒక్కో వాక్యం చదివిస్తాడు. పైసా తీసుకోడు. పది స్టూళ్లు, పదిమంది పిల్లలు. కూర్చునేముందు ఒక్కొక్కరి చేతా మాట తీసుకుంటాడు, జవాబుల పొట్టీ పొడుగూ చూసి పెట్టను, చదివి పెడతాను అని. మన్మన్‌కి ఆ స్టూలు దొరకడానికే శరదృతువంతా పట్టింది. కూర్చోబట్టి రెండు నెలలు.

పన్నెండింటికి మన్మన్ వచ్చింది. సంచీ దించలేదు.

“అమ్మా.”

“ముందు తినవే, ఇవాళా మాంసమే, చల్లారిపోతుంది.”

“నేను చేసింది మూడు ప్రశ్నలు. అందులో ఒకటి తప్పు.”

“పోనీలే, రెండు కరెక్టేగా.”

“మిగతా పన్నెండూ కరెక్టు.”

“నిద్రలో చేసుంటావు. తెలివైన పిల్లలు చేస్తారట.”

“నిద్రలో నేను సి కి అలా తోక పెడతానా? మన కారప్పొడి డబ్బా మీద ఉన్న తోకే అది.”

లాన్‌ఫెన్ గరిటె కింద పెట్టింది. ఇక దాచి లాభం లేదు.

“చదివావా, ఊరికే పెట్టేశావా?” అంది మన్మన్.

“చదవాలనే ఉంది. నీ బుగ్గ అడ్డం.”

మన్మన్‌కి ముందు నవ్వొచ్చింది. తల్లి పదిహేనుకి పద్నాలుగు తెప్పించిందన్న నవ్వు, అందులోనూ చదివిన పాఠంలోనే తప్పు పోయిందన్న నవ్వు. నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది. తర్వాత అదే కుర్చీలో అదే వేగంతో ఏడుపు మొదలుపెట్టింది.

“నా స్టూలు పోయిందమ్మా. నీకు తెలీదు అక్కడెలా ఉంటుందో. ఈ మాట ఎవరంటున్నారు, ఎందుకంటున్నారు, అనకపోతే ఏమయ్యేది అని అడుగుతారు టీచరు. మొన్న ఒక ముసలాయన కథ చివరిదాకా అర్థమైంది నాకు. అర్థమై నవ్వొచ్చింది. ఇంగ్లీషులో నవ్వొచ్చిందమ్మా నాకు.”

“వెళ్లి చెప్పేస్తాను. నేనే చేశానని చెప్తాను.”

“చెప్తే అసలుకే పోతుంది. వేరేవాళ్ల చేత షీటు రాయిస్తే జూన్ దాకా బల్ల దగ్గరికి రానివ్వరు. అది ఆయన రూలు.”

ఇద్దరూ మాంసం తింటూ ఆలోచించారు. చల్లారినా బాగానే ఉంది. చివరికి మన్మనే దారి చెప్పింది. వచ్చే గురువారం షీటు తనే చేస్తుంది. మామూలుగా వచ్చే ఆరో ఏడో వస్తుంది. టీచర్ చూసి, అయ్యో ఈ పిల్లకి ఇంకా బల్ల కావాలి అని మళ్లీ పిలుస్తాడు. అంతే. లాన్‌ఫెన్‌కి కూడా అది నచ్చింది. పిల్లకి తక్కువ మార్కులు రావాలని దేవుడికి అగరొత్తులు వెలిగించిన తల్లి ఆ సందులో అంతకుముందు లేదు.

గురువారం మన్మన్ షీటు నిజాయితీగా చదివి, నిజాయితీగా చెమటలు పట్టించుకుని, ఆరు తెచ్చుకుంది.

మర్నాడు ఆరు అని గ్రూపులో కనబడగానే లాన్‌ఫెన్ చప్పట్లు కొట్టింది. మార్కెట్‌కి వెళ్లి బతికున్న చేపని తెచ్చి తీపీ పులుపూ వేసి వండింది. కిటికీలోంచి లేలే అమ్మ తొంగి చూసింది.

“ఏంటమ్మా వాసన, ఎవరిదైనా పుట్టినరోజా?”

“మన్మన్‌కి ఆరొచ్చింది అక్కా.”

లేలే అమ్మ, ఆరుకి చేప వండే మనిషిని ఏమనాలో తోచక కిటికీ మెల్లగా మూసుకుంది.

చేప సగం తినకముందే సోంగ్ టీచర్ ఫోను.

“మన్మన్ అమ్మగారూ, ఆరు చూసి మీరు కంగారు పడుంటారు.”

“అవును టీచర్, చాలా.” నోట్లో ముల్లు పక్కకి నెట్టి అంది లాన్‌ఫెన్. “మళ్లీ బల్ల దగ్గర కూర్చోబెడితే గానీ…”

“అదే వద్దంటున్నాను. బల్ల చదవలేనివాళ్లకి. మన్మన్‌కి చదవడం వచ్చు. పద్నాలుగు అదృష్టం వల్ల రాదండీ. ఆరు మాత్రం భయం వల్ల వస్తుంది. మన తరగతి జబ్బే అది. నా షీట్లలో చాలామందికి పన్నెండు, పదమూడు. నగరం మొత్తానికి పెట్టిన పరీక్షలో అదే పిల్లలకి ఆరు, ఐదు. ఎందుకు? భయం. నాకు అర్థం కానిదల్లా ఆ గురువారం మన్మన్‌కి భయం ఎలా పోయిందన్నదే. మీరేదో చేశారు.”

లాన్‌ఫెన్ చేప పళ్లెం దూరంగా జరిపింది. “నేనేం చేస్తాను టీచర్. ఇంట్లో ఉండేదాన్ని.”

“ఆ వినయమే వద్దు. రేపు శనివారం తల్లిదండ్రుల సమావేశం ఉంది కదా. మీరు పది నిమిషాలు మాట్లాడాలి. ఆ మధ్యాహ్నం ఏం పెట్టారు, ఏం మాట్లాడారు, గదిలో ఎలా ఉన్నారు, అన్నీ చెప్పండి. అరవై ఒక్క కుటుంబాలు వింటాయి.”

ఫోను పెట్టేశాక తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“మాంసం గురించి చెప్పేసి దిగిపో,” అంది మన్మన్. “స్టూలు సంగతి ఇంక వదిలేయమ్మా.” అలా అంటూనే చేప ముక్కని అటూ ఇటూ జరపడం మొదలుపెట్టింది. తినే పిల్ల కాదు, జరిపే పిల్ల అయిపోయింది.

సమావేశంలో మాట్లాడేది మన్మన్ అమ్మ అని సందంతా తెలిసిపోయింది. పక్కటెముకల సంగతి అంతకు ముందే తెలిసింది. శనివారం పొద్దున ఏడున్నరకల్లా మార్కెట్‌లో ఒక్క ఎముక మిగలలేదు. సందు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కిటికీల్లోంచి బియ్యప్పిండి ఆవిరి వాసన. ఒకావిడ ఎముకలు దొరక్క కోడిమెడలు ఉడికించి, మూత తీసి ఎవరికీ చూపించకుండా దాచింది.

పదింటికి తరగతి గదిలో తల్లిదండ్రులు ఎవరి పిల్లల సీట్లలో వాళ్లు కూర్చున్నారు. పెద్ద పెద్ద ఒళ్లు చిన్న చిన్న బల్లల్లో ఇరికించుకుని, నోటుపుస్తకాలు తెరిచి, పిల్లల పెన్నులే పట్టుకున్నారు. పిల్లల్ని గ్రౌండుకి తోలేశారు కానీ సగం మంది కిటికీల కింద వంగి ఉన్నారని అందరికీ తెలుసు. సోంగ్ టీచర్ ముప్పై రెండేళ్లవాడు, సన్నగా, కళ్లద్దాలు ఎప్పుడూ ముక్కు కొసన. లాన్‌ఫెన్‌ని స్టేజీ మీదికి పిలిచి, తను వెనక్కి తగ్గి చేతులు కట్టుకుని నిలబడ్డాడు, శిష్యుడిలా.

“ఆ రోజు,” అని మొదలుపెట్టింది లాన్‌ఫెన్, “మాంసం ముక్కల్ని ముందు సోయా రసంలో అరగంట నానబెట్టాను.”

యాభై పెన్నులు కదిలాయి. ముందు వరసలో ఒక తండ్రి చెయ్యెత్తి, ముదురు రంగు సోయానా లేతదా అని అడిగాడు. లేతది అంది. రాసుకున్నాడు.

అలా ఇంకో ఐదు నిమిషాలు లాగేసి దిగిపోవచ్చు. కానీ కిటికీ అంచు మీద మన్మన్ జుట్టు పిలక ఒకటి కనబడుతోంది. ఆ పిలక కూడా జరుగుతోంది, నిన్నటి చేప ముక్కలాగే, అటూ ఇటూ. లాన్‌ఫెన్ ఆగింది.

“ఇది మాంసం వల్ల కాదండీ,” అంది. “ఆ పన్నెండు జవాబులూ నేను పెట్టాను. పిల్ల నిద్రపోయింది.”

పెన్నులు ఆగిపోయాయి. సోయా తండ్రి మాత్రం అది కూడా సగం రాసేసి, కొట్టేశాడు.

సోంగ్ టీచర్ కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు. “మీకు ఇంగ్లీషు వచ్చా?”

“రాదు టీచర్.”

“మరి పన్నెండుకి పన్నెండు?”

“అదే నేనూ అనుకున్నాను.” ఇక సగం దూకాక మిగతా సగం దూకడమే నయమనిపించింది లాన్‌ఫెన్‌కి. “మీ దగ్గర వచ్చే వారం షీటు ఉంటే తెర మీద పెట్టండి. పాఠం మాత్రం మూసేయండి. అది నాకు అడ్డం.”

ఆయన పెట్టాడు. పాఠం మీద అట్టముక్క కప్పాడు. తెర మీద నాలుగు ప్రశ్నలు, కింద నాలుగేసి జవాబులు. లాన్‌ఫెన్ బియ్యంలో రాళ్లు ఏరే దూరంలో నిలబడి చూసింది.

“మొదటిది డి. రెండోది ఏ. మూడోది… ఇది చిందరవందర, సి. నాలుగోది ఇదిగో, ఈ పొడుగుది.”

సోంగ్ టీచర్ జేబులోంచి జవాబుల కాగితం తీసి చూశాడు. మళ్లీ చూశాడు. కాగితం తిరగేసి వెనక కూడా చూశాడు.

“నాలుగూ…” అన్నాడు.

“ఈ ప్రశ్నలు మీరే తయారు చేస్తారు కదా టీచర్.”

“నేనే. కొన్న షీట్ల జవాబులు పిల్లల ఫోన్లలో ఉంటాయని, ఆదివారాలన్నీ కూర్చుని సొంతంగా రాస్తాను.”

“అందుకే. సరైన జవాబుని మీరు చాలా జాగ్రత్తగా రాస్తారు. ఎవరూ తప్పు పట్టకూడదని అన్నీ చేర్చి, సర్ది, మడత పెడతారు. తప్పు జవాబులు మూడూ ఒకే తొందరలో రాసి పడేస్తారు. నేను పద్దెనిమిదేళ్లు మేజోళ్లు చూశాను టీచర్. మనసు పెట్టి కుట్టింది ఏదో, గంట కొట్టేలోపు కుట్టింది ఏదో, బల్ల అవతలి నుంచే తెలుస్తుంది. చదవక్కర్లేదు.”

సోంగ్ టీచర్ మొహం ఎర్రబడింది, తెల్లబడింది, మళ్లీ ఎర్రబడింది. చివరికి చాలా మెల్లగా అడిగాడు.

“ఈ పొట్టీ పొడుగు లెక్కతో నా షీట్లు చేసే పిల్లలు ఇంకెవరైనా ఉన్నారా? కోప్పడను. చేతులెత్తండి.”

తల్లులందరికీ ఒక్కసారిగా తమ గోళ్లలో ఏదో విశేషం కనబడింది. అలా ఎంతసేపు చూసేవారో గానీ, మూడో వరసలోంచి ముందు ఒక కిచకిచ వినబడింది. లేలే అమ్మ. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా భుజాలు ఎగురుతున్నాయి.

“మావాడు చూడడు టీచర్,” అంది ఊపిరాడక. “కొలుస్తాడు. స్కేలు పెట్టి కొలుస్తాడు.”

అంతే. ఎవరి నవ్వు ఎవరికి అంటుకుందో తెలియదు. ఒకావిడ తన కూతురు దారంతో కొలుస్తుందని చెప్పింది. సోయా తండ్రి తన కొడుకు కంటి చూపుతోనే చెప్పేస్తాడని కాస్త గర్వంగానే చెప్పి, భార్య మోచేత్తో పొడిచాక సిగ్గుపడ్డాడు. చేతులు లేచాయి. తాన్ పెయ్ వాళ్లమ్మ సగం ఎత్తి, “సోమవారం బల్ల దగ్గర మాటిచ్చాక మానేశాడు టీచర్, ఇప్పుడు నాలుగే వస్తున్నాయి” అని దించేసింది.

సోంగ్ టీచర్ వరసవరసా లెక్కపెట్టాడు. యాభై ఒకటి. చేతులెత్తనివాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూశాడు. పదకొండు. అవన్నీ ఆయనకి బాగా తెలిసిన మొహాలు. బల్ల దగ్గర కూర్చునే పదిమంది పిల్లల తల్లిదండ్రులు, స్టేజీ మీద మన్మన్ అమ్మ.

“అంటే,” అన్నాడు, “నా తరగతిలో పాఠం చదివేవాళ్లు పదకొండు మంది. చదువుతారు కాబట్టి వాళ్లకి ఐదూ, ఆరూ వస్తున్నాయి. చదవనివాళ్లకి పదమూడు. చదివేవాళ్లనేమో వెనకబడ్డవాళ్లని నేను ఇన్ని నెలలుగా వేరే కూర్చోబెడుతున్నాను.” ఆయనకి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. “నగరం పరీక్షలో భయం… భయం అనుకున్నాను. అక్కడ ప్రశ్నలు రాసేవాళ్లకి స్కేలు సంగతి తెలుసు. అంతే.”

లేలే అమ్మ వాళ్ల అబ్బాయి సీటులోంచి నీళ్ల సీసా తీసి అందించింది. ఆయన తాగాడు. ఎక్కిళ్లు నవ్వులోకి దిగాయి, నవ్వు మళ్లీ ఎక్కిళ్లలోకి. కిటికీల కింద పిల్లలు దాక్కున్న సంగతి మరిచిపోయి బాహాటంగా పడీపడీ నవ్వుతున్నారు. లాన్‌ఫెన్ ఒక్కతే నవ్వలేదు. ఆమెకి కావలసింది ఇంకా దొరకలేదు.

“టీచర్, స్టూలు,” అంది.

“నా రూలు ఉంది కదమ్మా. వేరేవాళ్ల చేత షీటు రాయిస్తే జూన్ దాకా బల్ల దగ్గరికి రాకూడదు.”

“అది రాయించలేదు. దానికి తెలీదు కూడా. చెయ్యి నాది, పెన్సిలు పట్టింది నేను. శిక్ష నాకు వెయ్యండి.”

సోంగ్ టీచర్ ఆలోచించాడు. రూలుని పక్కన పెట్టడం ఆయనకి రాదు, న్యాయం తప్పడమూ రాదు.

“సరే. శిక్ష మీకే. ఈ క్షణం నుంచి నెల రోజులు మిమ్మల్ని తల్లిదండ్రుల గ్రూపులోంచి తీసేస్తున్నాను.” ఫోను తీసి అక్కడికక్కడే తీసేశాడు.

గదిలో తల్లులు అయ్యో అన్నారు. అని, ఒక క్షణం ఆగారు. రోజుకి మూడు వందల మెసేజ్‌లు. ప్రతి దానికీ శ్రమ తీసుకున్నారు టీచర్ అని రాయాలి, తెల్లవారుజామున ఐదున్నరకి కూడా. నెల రోజులు అవేవీ లేవు. లాన్‌ఫెన్ వైపు చూసే చూపులు నెమ్మదిగా మారాయి.

“టీచర్,” అంది లేలే అమ్మ లేచి నిలబడి, “మావాడి స్కేలు విషయం మరి?”

“దానికేమైంది?”

“దానికీ ఏదో ఒక శిక్ష ఉండాలి కదా. కొంచెం పెద్దదైనా పర్లేదు.”

“కూర్చోండి,” అన్నాడు సోంగ్ టీచర్. లాన్‌ఫెన్ వైపు తిరిగాడు. “తాన్ పెయ్‌ని లేపను. వాడు మాటిచ్చాడు. నా గదిలో పది స్టూళ్లే ఉన్నాయి. పదకొండోది మీరు తెచ్చుకోగలిగితే మన్మన్ ఇరుక్కుని కూర్చోవచ్చు. పన్నెండున్నరకి తలుపు వేస్తాను.”

గోడ గడియారం పన్నెండూ పన్నెండు చూపిస్తోంది.

లాన్‌ఫెన్ స్టేజీ దిగలేదు, దూకింది. మెట్లు, గ్రౌండు, గేటు, రోడ్డు, సందు. ఫ్యాక్టరీ సైరన్ మోగాక గేటు మూసేలోపు పరిగెత్తిన కాళ్లు అవి, మరిచిపోలేదు. గదిలో ఉన్నది ఒక్కటే స్టూలు, పొయ్యి పక్కన కూర్చుని ఆకుకూర బాగుచేసుకునే నీలం ప్లాస్టిక్‌ది. చంకలో పెట్టుకుని మళ్లీ పరుగు. సందు మలుపులో లేలే అమ్మ ఎదురొచ్చింది, గసపోస్తూ, వాళ్లింటి చెక్క కుర్చీ మోసుకుంటూ.

“నువ్వెందుకక్కా పరిగెడుతున్నావు?”

“పదకొండోదానికి చోటుంటే పన్నెండోదానికి ఉండదా ఏంటి. జరుగు.”

ఆమె వెనక ఇంకో ఇద్దరు. ఆ వెనక కోడిమెడల ఆవిడ పీట నెత్తిన పెట్టుకుని. సోయా తండ్రి మడత మంచం పట్టుకొస్తున్నాడు, దొరికిందదే. గేటు దగ్గర కాపలా తాత టీ గ్లాసు పట్టుకుని ఈ ఊరేగింపు చూశాడు.

“ఏంటమ్మా, లోపల విందా?”

“తొందరగా తీయండి తాతా.”

“మంచం మాత్రం లోపలికి రానివ్వను,” అన్నాడు తాత, గేటు తీస్తూనే.

పన్నెండూ ఇరవై ఎనిమిదికి లాన్‌ఫెన్ టీచర్ గదిలోకి అడుగుపెట్టింది. బల్ల చుట్టూ పదిమంది. తాన్ పెయ్ జరిగి చోటిచ్చాడు. నీలం స్టూలు ఆ సందులో సరిగ్గా పట్టింది. మన్మన్ కూర్చుంది. కూర్చుంటే బల్ల అంచు ఆమె గడ్డానికి తగిలింది. ఆకుకూర స్టూలు మరి, అందరి స్టూళ్లలో సగం ఎత్తే.

“కనబడుతోందా తల్లీ?”

“బల్ల కనబడుతోంది,” అంది మన్మన్, గడ్డం బల్ల మీద పెట్టుకుని, చెవుల దాకా నవ్వుతూ.

లాన్‌ఫెన్ తన దూది కోటు విప్పింది. నాలుగు మడతలు వేసి స్టూలు మీద పరిచి, పిల్లని లేపి మళ్లీ కూర్చోబెట్టింది. ఇప్పుడు సరిపోయింది. బయట వరండాలో కుర్చీలూ పీటలూ ఈడుస్తున్న చప్పుడు పెద్దదవుతుంటే, సోంగ్ టీచర్ తలుపు వేయాలా తీసే ఉంచాలా తేల్చుకోలేక గుమ్మంలో నిలబడిపోయాడు.

మార్చి గాలికి చేతులు ముడుచుకుని లాన్‌ఫెన్ గేటు దాటుతుంటే తాత అడిగాడు, “కోటేదమ్మా, వచ్చేటప్పుడు ఉందిగా?”

“లోపల కూర్చుంది తాతా. ఒంటిగంటా ఇరవైకి వస్తుంది.”

అని, వంట మిగిలిపోయిన సంగతి గుర్తొచ్చి, మళ్లీ పరుగందుకుంది.